ఎవరు మెచ్చుకుంటే గర్వం? ప్రవాస ఫిలిపినోల చిక్కుముడి

2020 డిసెంబరు 8న ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ ఆసుపత్రిలో తొంభయ్యేళ్ల మార్గరెట్ కీనన్‌కు కోవిడ్ టీకా వేశారు. ప్రయోగ పరీక్షల దశ దాటాక ఫైజర్ టీకా ప్రపంచంలో ఎవరికైనా వేయడం అదే మొదలు. సూది పట్టుకున్న నర్సు మే పార్సన్స్‌ది ఫిలిప్పీన్స్. బ్రిటన్ పత్రికలకు కీనన్ ముఖ్యమైతే మనీలా పత్రికలకు పార్సన్స్ ముఖ్యం. ప్రపంచం నలుమూలలా ఉన్న ఫిలిపినోలు ఆ ఫొటో పంచుకొని మురిసిపోయారు. మురిసిపోవడంలో తప్పేమీ లేదు.

మిగతా కథను మాత్రం అంత ఉత్సాహంగా ఎవరూ పంచుకోలేదు. ఫిలిప్పీన్స్‌లో టీకాలు మొదలైంది దాదాపు మూడు నెలల తర్వాత, 2021 మార్చి 1న. నర్సులందరూ వెళ్లిపోతే సొంత ఆసుపత్రుల గతేమిటని భయపడి, విదేశాలకు వెళ్లే కొత్త ఆరోగ్య సిబ్బంది ఏడాదికి 5,000 మందిని మించకూడదని ప్రభుత్వం అప్పటికే పరిమితి పెట్టింది. ఫిబ్రవరిలో కార్మిక శాఖ అధికారి ఒకరు బ్రిటన్, జర్మనీల ముందు ఒక బేరం ఉంచారు: మాకు టీకాలు ఇవ్వండి, ఆ పరిమితి ఎత్తేసి నర్సులను పంపుతాం. బ్రిటన్ ఒప్పుకోలేదు.

ప్రవాస ఫిలిపినోల గర్వం గురించి మాట్లాడుకోవాలంటే ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఇంత పెద్ద గొంతుతో తమ పుట్టుకను చాటుకునే జాతులు అరుదు. బాక్సర్ మానీ పకియావ్ గెలిచినా, మిస్ యూనివర్స్ కిరీటం దక్కినా (1969, 1973, 2015, 2018లలో నాలుగుసార్లు దక్కింది), తల్లి వైపు ఫిలిపినో రక్తమున్న గాయకుడు బ్రూనో మార్స్‌కు అవార్డు వచ్చినా సంబరం ఒక్కటే. ముత్తాత ఫిలిపినో అని తెలిస్తే చాలు, ఆ మనిషి మనవాడైపోతాడు. బయటివాళ్లకు ఇది వినోదంగా కనిపిస్తుంది. ఈ సంబరం వెనుక నూటపాతికేళ్ల అవమానాల లెక్క ఉంది. ఆ లెక్క తెలియకుండా గర్వాన్ని వెక్కిరించడం తేలిక. అది తెలియకుండా గర్వపడటం ఇంకా తేలిక.

మూడు వందల ఏళ్లకు పైగా ఏలిన స్పెయిన్, 1898లో పారిస్ ఒప్పందం ప్రకారం 2 కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్‌ను అమెరికాకు అప్పగించింది. అప్పటికే, అదే ఏడాది జూన్ 12న, కవిటే రాష్ట్రంలోని కవిట్‌లో ఎమిలియో అగినాల్డో స్వాతంత్ర్యం ప్రకటించి ఉన్నాడు. ఆ ప్రకటనను ఎవరూ పట్టించుకోలేదు. 1899 నుంచి అమెరికాతో యుద్ధం, ఆపైన దాదాపు అర్ధ శతాబ్దం అమెరికా పాలన.

యుద్ధం ముగిసిందని ప్రకటించిన రెండేళ్లకు, 1904లో, సెయింట్ లూయిస్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అందులో 47 ఎకరాల్లో ‘ఫిలిప్పీన్ విభాగం’ కట్టారు. ప్రదర్శనకు పెట్టిన వస్తువులు మనుషులే. వెయ్యి మందికి పైగా ఫిలిపినోలను ఓడల్లో తీసుకొచ్చి, గుడిసెలు వేయించి, చూడవచ్చినవాళ్ల ముందు బతకమన్నారు. ఒక చివర ‘అనాగరికులు’, మరో చివర అమెరికా శిక్షణలో కవాతు చేసే సైనికులు. మేము రాకముందు వీళ్లు ఇలా ఉండేవాళ్లు, మా చేతిలో ఇలా తయారవుతున్నారు అని చూపించడం ఆ వరుస ఉద్దేశం. జనం ఎగబడి చూసింది ఉత్తర లూజాన్ కొండల ఇగొరోట్ జనాన్ని. క్రతువుల సమయంలో ఎప్పుడో ఒకసారి కుక్క మాంసం తినే వాళ్ల ఆచారం, అక్కడ జనాన్ని రప్పించే తమాషాగా మారింది. ‘కుక్కలు తినేవాళ్లు’ అన్న తిట్టు అమెరికాలో ఆ తర్వాత కొన్ని తరాల ఫిలిపినోలను వెంటాడింది.

అవమానం చేసిన రెండో పని ఇంకా లోతైనది. మైదాన ప్రాంతాల చదువుకున్న ఫిలిపినోలు మనుషులను ఇలా ప్రదర్శించడం కంటే, తమను ఇగొరోట్‌ల గాటన కట్టినందుకు ఎక్కువ బాధపడ్డారు. మేము క్రైస్తవులం, మేము వాళ్లలాంటివాళ్లం కాము అన్నారు. వలస పాలకుడు గీసిన నిచ్చెనను కూలదోయడం మానేసి, తాము పై మెట్టు మీద ఉన్నామని నిరూపించుకునే ప్రయత్నం అది. దీనికి మనస్తత్వ శాస్త్రంలో ‘వలస మనస్తత్వం’ అని పేరు. అమెరికాలోని ఫిలిపినో పరిశోధకుడు ఇ.జె.ఆర్. డేవిడ్, సుమీ ఒకజాకీతో కలిసి 2006లో దీన్ని కొలిచే ప్రశ్నావళినే తయారుచేశాడు. తెల్లబడే సబ్బులు, సన్నని ముక్కుపై మోజు, యాసతో ఇంగ్లిషు మాట్లాడే సొంతవాళ్లను చూసి సిగ్గుపడటం, వలస పాలన మేలే చేసిందనుకోవడం ఇందులో లక్షణాలు. తెలుగువాళ్లకు ఈ జాబితా పూర్తిగా కొత్తదనిపిస్తే ఆశ్చర్యమే.

విచిత్రమేమిటంటే, ఆనాడు దాచుకోవాలనుకున్న కొండజాతుల గుర్తులే నేడు గర్వ చిహ్నాలు. కలింగా రాష్ట్రంలోని బుస్కలన్ అనే కొండ ఊరికి, శతాధిక వృద్ధురాలు వాంగ్ ఓద్ చేత పచ్చబొట్టు పొడిపించుకోవడానికి అమెరికా, కెనడాల నుంచి ఫిలిపినో యువత వెళ్తోంది. వాళ్లలో చాలామంది పూర్వీకులు కలింగా వైపు కన్నెత్తి చూసినవాళ్లు కారు. ఇగొరోట్‌ను తక్కువగా చూసిన వంశంలోని మనవరాలు ఇగొరోట్ పచ్చబొట్టుతో తన మూలాలు వెతుక్కోవడం ప్రాయశ్చిత్తమా, మరో రకం కబ్జానా? కొండవాసుల్లోనే దీనిపై రెండు మాటలున్నాయి. బయటివాళ్ల రాకతో ఆగిపోబోయిన విద్య బతికిందన్నది ఒకటి. ఒకనాడు యోధులు సంపాదించుకోవాల్సిన గుర్తు ఇప్పుడు డబ్బిస్తే దొరుకుతోందన్నది రెండోది. రెండూ నిజమేనని నా అభిప్రాయం.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఫిలిపినో విద్యార్థులు ఏటా జరిపే సాంస్కృతిక రాత్రులదీ ఇదే చిక్కు. వెదురు బొంగుల మధ్య గెంతే టినిక్లింగ్‌తో పాటు, పట్టు దుస్తులు, విసనకర్రలతో సింగ్కిల్ నాట్యం తప్పనిసరి. సింగ్కిల్ మిందనావో ద్వీపంలోని మరనావ్ ముస్లింలది. వేదిక మీద మరనావ్‌లు ఉండటం మాత్రం అరుదు. ఆ నాట్యానికి రంగస్థల రూపమిచ్చి లోకానికి చూపించింది 1957లో మనీలాలో ఏర్పడిన బయానిహాన్ నృత్య బృందం. అంటే కాలిఫోర్నియా పిల్లలు తమ ‘ప్రాచీన సంప్రదాయం’ అని నేర్చుకుంటున్నది చాలావరకు వాళ్ల తాతల కాలపు రంగస్థల కూర్పు. అమెరికాలో ఉగాది వేడుకల నృత్యాలు చూసినవాళ్లకు దీని మీద నవ్వే హక్కు లేదు.

ఇక అసలు చరిత్రకు వద్దాం. 1906 డిసెంబరులో పదిహేను మంది ఫిలిపినోలు హవాయి చెరకు తోటల్లో పనికి హోనలులులో దిగారు. తర్వాత పాతికేళ్లలో వేల మంది హవాయికి, కాలిఫోర్నియా పొలాలకు, అలాస్కా చేపల కర్మాగారాలకు వెళ్లారు. ఎక్కువమంది ఉత్తర లూజాన్‌లో ఇలోకానో భాష మాట్లాడే ఇలోకానోలు, వాళ్లలోనూ దాదాపు అందరూ ఒంటరి మగవాళ్లు. అమెరికా జెండా కింద ఉన్న దేశం కాబట్టి వీసా అక్కర్లేదు. పౌరసత్వం మాత్రం లేదు. కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో ఒక హోటల్ తలుపు మీద ‘ఫిలిపినోలకు ప్రవేశం లేదు’ అని రాసిన ఫొటో నేటికీ ఉంది. 1930 జనవరిలో వాట్సన్‌విల్‌లో తెల్లవాళ్ల మూకలు రోజుల తరబడి ఫిలిపినోలను వేటాడి, ఒక యువకుణ్ణి కాల్చి చంపాయి. తెల్ల అమ్మాయిలతో నాట్యమాడటం వాళ్లు చేసిన నేరం. 1933లో కాలిఫోర్నియా అలాంటి పెళ్లిళ్లను చట్టంతో నిషేధించింది. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యమిస్తామని హామీ ఇస్తూనే, ఫిలిపినోల వలసను ఏడాదికి యాభై మందికి కుదించింది.

పెళ్లి లేక, తిరిగి వెళ్లే డబ్బు లేక, కూలీల గుడారాల్లో ముసలివాళ్లైన ఈ తరాన్ని ‘మనోంగ్’లు అంటారు. ఇలోకానోలో పెద్దన్నను పిలిచే పిలుపది. 1965 సెప్టెంబరు 8న డెలానో ద్రాక్ష తోటల్లో సమ్మెకు దిగింది ఈ అన్నలే. వాళ్ల నాయకుడు లారీ ఇట్లియోంగ్ పంగసినాన్ రాష్ట్రం నుంచి 1929లో వచ్చినవాడు. అలాస్కా కర్మాగారంలో మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. యజమానులు ఫిలిపినోలు సమ్మె చేస్తే మెక్సికన్లను, మెక్సికన్లు చేస్తే ఫిలిపినోలను పనిలోకి దింపి గెలిచేవాళ్లని అతనికి అనుభవం మీద తెలుసు. అందుకే మెక్సికన్ కార్మికుల నాయకుడు సీజర్ చావెజ్ దగ్గరకు వెళ్లి కలిసి రమ్మని అడిగాడు. ఎనిమిది రోజుల తర్వాత మెక్సికన్ కార్మికులూ చేరారు. ఐదేళ్ల పోరాటం, దేశమంతటా ద్రాక్ష బహిష్కరణ, 1970లో యజమానుల సంతకాలు. లోకానికి గుర్తున్నది చావెజ్ ఒక్కడే. కాలిఫోర్నియా పాఠాల్లో ఫిలిపినోల పాత్ర చేర్చాలన్న చట్టం 2013లో వచ్చింది. ఇట్లియోంగ్ చనిపోయి అప్పటికి ముప్పై ఆరేళ్లు.

మెక్సికన్ల నీడ ఒక్కటే ఈ మరపుకు కారణమనుకుంటే పొరపాటు. 1965లోనే అమెరికా వలస చట్టం మారింది. కొత్తగా వచ్చిన ఫిలిపినోలు డాక్టర్లు, నర్సులు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు. వాళ్లకు తోట కూలీ ముసలివాళ్లతో బంధుత్వం చెప్పుకోవడం నామోషీ. సొంత కులంలోని పేద బంధువును పెళ్లిలో వెనక వరుసలో కూర్చోబెట్టినట్టు ఆ తరాన్ని చరిత్ర వెనక వరుసలో కూర్చోబెట్టారు. 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నేషనల్ హోటల్ నుంచి వృద్ధ మనోంగ్‌లను పోలీసులు గెంటేస్తున్నప్పుడు వేల మంది చేతులు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. ఆ గొలుసులో ఫిలిపినో విద్యార్థులున్నారు. ఆ కుర్రాళ్లే తర్వాత మరచిన చరిత్రను తవ్వి తీసినవాళ్లలో ముందున్నారు. నా లెక్కలో ప్రవాస ఫిలిపినోల గర్వానికి గట్టి పునాది పడింది ఇక్కడే. ఇందులో బయటివాళ్ల చప్పట్లతో పని లేదు.

అదే ఏడాది మరో సంఘటన గర్వం ఎంత మెలికలు తిరుగుతుందో చూపించింది. మనీలాలో మార్షల్ లా నడుపుతున్న ఫెర్డినాండ్ మార్కోస్ పిలుపుపై చావెజ్ ఫిలిప్పీన్స్ వెళ్లాడు. తన తోట కార్మికుల సంఘంలోని ఫిలిపినో సభ్యులు సంతోషిస్తారని ఆయన అనుకున్నాడు. కొందరు సంతోషించారు కూడా. డెలానో సమ్మె నాటి నాయకుడు ఫిలిప్ వెరా క్రజ్ మాత్రం నియంతకు దండం పెట్టే సంఘంలో ఉండనని బయటకు నడిచాడు. దేశాన్ని ప్రేమించడం, దేశాన్ని ఏలేవాణ్ణి మెచ్చుకోవడం వేరువేరని తేల్చి చెప్పిన ఫిలిపినోలలో ఆయన పేరు ముందుండాలి.

మార్కోస్‌కు ప్రవాసులతో వేరే పని ఉంది. 1973లో సెలవులకు సొంత దేశం రమ్మని ప్రవాసులకు రాయితీలతో ‘బాలిక్‌బయాన్’ (స్వదేశానికి తిరిగొచ్చేవాళ్లు) పథకం పెట్టాడు. ప్రవాసుల ఇళ్లలో ఏడాది పొడవునా ఒక మూల నిండుతూ ఉండే అట్టపెట్టెకు ఆ పేరు వచ్చింది అక్కడి నుంచే. సబ్బులు, చాక్లెట్లు, డబ్బా మాంసం, చెప్పులు నింపి ఓడల్లో ఇంటికి పంపే ఆ పెట్టె గురించి ఎవరెంత రాసినా తక్కువే. ఆ తర్వాత 1974లో వచ్చిన కార్మిక స్మృతి, కార్మికులను విదేశాలకు పంపడాన్ని ప్రభుత్వ విధానంగా మార్చింది. చమురు ధరలు పెరిగిన గల్ఫ్‌కు మనుషులు కావాలి, మనీలాకు డాలర్లు కావాలి. తాత్కాలికమన్న ఆ విధానానికి యాభై ఏళ్లు దాటాయి. 2023లో ప్రవాసులు బ్యాంకుల ద్వారా పంపింది 3,300 కోట్ల డాలర్లకు పైనే, దేశ స్థూల దేశీయోత్పత్తి (జీడీపీ)లో ఎనిమిది శాతానికి పైగా.

నర్సులే ఎందుకు ఎక్కువ అన్న ప్రశ్నకూ జవాబు ఆ పాత పాలనలోనే ఉంది. 1901లో ఓడనిండా వచ్చిన అమెరికన్ బడిపంతుళ్లు ఇంగ్లిషులో చదువు మొదలుపెట్టారు, నర్సింగ్ బడులు అమెరికా పాఠ్యప్రణాళికతో నడిచాయి, 1948 తర్వాత శిక్షణ పేరిట నర్సులు అమెరికా ఆసుపత్రులకు వెళ్లడం మొదలైంది. సేవాగుణం మా రక్తంలోనే ఉందని చాలామంది ఫిలిపినోలు గర్వంగా చెప్పుకుంటారు. రక్తం కంటే పాఠ్యప్రణాళిక మంచి జవాబు. ఆ పొగడ్తకు మూల్యం కూడా ఉంది: అమెరికా నర్సుల్లో ఫిలిపినోలు సుమారు నాలుగు శాతం. 2020 సెప్టెంబరుకల్లా కోవిడ్‌తో మరణించిన నర్సుల్లో దాదాపు మూడో వంతు వాళ్లేనని నర్సుల సంఘం లెక్క తేల్చింది.

1988లో అధ్యక్షురాలు కొరజోన్ అకినో హాంకాంగ్‌లో ఇంటిపని చేసే మహిళలతో మాట్లాడుతూ వాళ్లను ‘కొత్త వీరులు’ అన్నారు. ఆ బిరుదు అంటుకుపోయింది. విమానాశ్రయాల్లో వీరులకు ప్రత్యేక వరుసలు, క్రిస్మస్‌కు స్వాగత గీతాలు. 1995 మార్చి 17న సింగపూర్ ప్రభుత్వం ఫ్లోర్ కాంటెంప్లాసియన్ అనే పనిమనిషిని హత్య కేసులో ఉరి తీసింది. ఆమె నిర్దోషి అని నమ్మిన లక్షల మంది ఫిలిపినోలకు, వీరులను కాపాడుకోలేని తమ ప్రభుత్వం మీద కోపం కట్టలు తెంచుకుంది. జూన్‌కల్లా వలస కార్మికుల చట్టం వచ్చింది.

హాంకాంగ్‌లో ఏ ఆదివారమైనా సెంట్రల్ ప్రాంతానికి వెళ్తే ఆ వీరులు కనిపిస్తారు. వంతెనల కింద, బ్యాంకు భవనాల నీడలో అట్టలు పరుచుకుని భోంచేస్తూ, పేకాడుతూ, నాట్యం సాధన చేస్తూ వేల మంది. యజమాని ఇంట్లోనే ఉండాలన్నది నిబంధన కాబట్టి సెలవు రోజున వాళ్లకంటూ గది ఉండదు. ఇతర విదేశీయులకు ఏడేళ్ల నివాసం తర్వాత దక్కే శాశ్వత హక్కు ఇంటిపనివాళ్లకు వర్తించదని 2013లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పునిచ్చింది. అయినా ఆ ఆదివారాల్లో కార్మిక హక్కుల సభలు జరుగుతాయి, అందాల పోటీలూ జరుగుతాయి. ఈ రెండోదాన్ని చిన్నచూపు చూసే మేధావులున్నారు. వారానికి ఆరు రోజులు ఇంకొకరి వంటింట్లో గడిపే మనిషి ఏడో రోజు కిరీటం పెట్టుకుంటే తప్పేమిటో నాకు అర్థం కాదు.

తెలుగువాళ్ల కథ ఈ కథను నేరుగా తాకేది కువైట్‌లో. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఖద్దామా (ఇంటిపని) వీసా మీద వెళ్లిన మహిళలు పనిచేసే వీధుల్లోనే ఫిలిపినా పనివాళ్లూ ఉంటారు. 2018లో ఒక ఫిలిపినా శవం కువైట్‌లో ఖాళీ ఇంటి ఫ్రీజర్‌లో దొరికినప్పుడు మనీలా ప్రభుత్వం కార్మికులను పంపడం ఆపేసింది. కొన్ని నెలలకు, యజమానులు పాస్‌పోర్టులు లాక్కోకూడదన్న షరతుతో ఒప్పందం కుదిరాకే నిషేధం ఎత్తేసింది. ఆ ఒప్పందం ఎంత అమలైందన్నది వేరే చర్చ. కానీ ‘నా ప్రభుత్వం నా కోసం గొడవపడింది’ అని చెప్పుకోగలగడం కూడా గర్వంలో ఒక భాగమే, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల శవపెట్టెల కోసం నెలల తరబడి ఎదురుచూసిన నిజామాబాద్, జగిత్యాల కుటుంబాలకు ఈ తేడా తెలుస్తుంది.

విదేశాల్లో పుట్టిన తరానికి ఇబ్బంది మరో రకం. పిల్లలకు యాస రాకూడదని తల్లిదండ్రులు ఇంగ్లిషే మాట్లాడారు. ఆ పిల్లలు ముప్పై దాటాక యాప్‌లు పెట్టుకుని, జాతీయ భాషకు మూలమైన టగాలోగ్ నేర్చుకుంటున్నారు. ఆ తల్లిదండ్రుల ఇంటి భాష చాలాసార్లు ఇలోకానోనో సెబువానోనో అన్నది ఇంకో మెలిక. జాతీయ గర్వం పెరిగే కొద్దీ ప్రాంతీయ భాషలు సన్నబడుతున్నాయి. వంటకాల సంగతి కొంత నయం. బడిలో డబ్బా తెరవడానికి సిగ్గుపడ్డ పిల్లలే ఇప్పుడు అడోబో, సినిగాంగ్ వడ్డించే రెస్టారెంట్లు నడుపుతున్నారు. ఊదారంగు ఉబే దుంప అమెరికా ఐస్‌క్రీమ్ దుకాణాల్లో ఫ్యాషనైంది.

ఈ గర్వానికి ఇప్పుడు ఓటు కూడా ఉంది. 2003 చట్టాలతో ద్వంద్వ పౌరసత్వం, విదేశాల నుంచి ఓటు వచ్చాయి. 2025లో ఆన్‌లైన్ ఓటింగూ వచ్చింది. ఆ ఏడాది మార్చి 11న, మాదకద్రవ్యాలపై పోరు పేరిట జరిగిన వేల హత్యల కేసులో మాజీ అధ్యక్షుడు రోడ్రిగో డుటెర్టేను అరెస్టు చేసి ది హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి పంపారు. యూరప్ నలుమూలల నుంచి ఫిలిపినో కార్మికులు జెండాలతో ఆ కోర్టు ముందుకు చేరి ఆయన్ను వదలమని నినాదాలు చేశారు. హతుల కుటుంబాల పక్షాన నిలిచిన ఫిలిపినోలూ అదే జెండా పట్టుకున్నారు. డుటెర్టే మద్దతుదారులు ఇంకో అడుగు ముందుకేసి, మార్చి చివర నుంచి వారం రోజులు ఎవరూ ఇంటికి డబ్బు పంపొద్దని పిలుపునిచ్చారు. ‘కొత్త వీరులు’ అని మూడున్నర దశాబ్దాలుగా పొగిడిన ప్రభుత్వానికి ఆ బిరుదులోని అసలు బలం ఎక్కడుందో గుర్తుచేసే ప్రయత్నమది. ఆ వారంలోనూ డబ్బు వెళ్లింది. పిల్లల ఫీజులు, అమ్మ మందులు, కరెంటు బిల్లు ఏ అధ్యక్షుడి కోసమూ ఆగవు.